నేను రాసిన ప్రార్థన చీటీ

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. మా ఆయన పోయాక, అరవై దాటిన తర్వాత బడికి వెళ్ళినదాన్ని. ఈ కాస్త రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది. కానీ సగం గందరగోళం నా రాత వల్లే వచ్చింది కాబట్టి నేనే చెప్పాలి.

మా చెల్లెలి కూతురు రోజలిన్ నా దగ్గరే పెరిగింది. జాలరిపేట చర్చి క్వయర్‌లో పాడుతుంది. పోర్టులో క్రేన్ నడిపే జాక్సన్ ఆ క్వయర్‌లో కొత్తగా చేరాడు. అతను సోలో ఎత్తుకున్న ప్రతిసారీ ఇది లేచి బయటికి పరుగు. నాలుగో ఆదివారం, వానలో, గుమ్మం దగ్గర నిలదీశాడు.

"నా పాటంటే అంత కంపరమేటండీ?"

"పాట బాగానే ఉంది. నా బ్లాడర్‌కే ఓపిక లేదు."

పాపం, గొడుగు చేతిలో ఉండగానే తడుస్తూ నిలబడిపోయాడు. మరుసటి వారం నుంచి తలుపు పక్క కుర్చీ దానికోసం ఉంచేవాడు. చూపులు అక్కడ మొదలయ్యాయి.

ఆరేళ్ళుగా దానికి మూత్రాశయంలో మంట, నొప్పి. పావుగంటకోసారి వెళ్ళాలి. ఏ మందూ పనిచేయలేదు. చివరికి డాక్టరమ్మ మూత్రాశయమే తీసేద్దామంది. మూత్రానికి పొట్ట మీద దారి చేసి, పైన సంచి అంటిస్తారట.

నాకు తెలిసి ఒంట్లో ఏదైనా కోసి తీసేశారంటే అది కేన్సరే. అందుకే "మా రోజలిన్ కేన్సర్ ఆపరేషన్ కొరకు" అని చీటీ రాసి చర్చి ప్రార్థన పెట్టెలో వేశాను. గుండ్రంగా రాశాను కూడా. ఆదివారం రోజలిన్ నొప్పితో ఇంట్లో ఉండిపోయింది. పాస్టరుగారు ఆ చీటీ మైకులో చదివారు.

సాయంత్రం జాక్సన్ ఎర్రబడిన కళ్ళతో వచ్చాడు.

"ఆపరేషన్‌కి ముందే పెళ్ళి సేసుకుందాం."

"ఏటంత తొందర?"

"ఉన్నన్నాళ్ళయినా నీతో ఉంటాను."

"ఉన్నన్నాళ్ళేటి? నానెక్కడికి పోతన్నాను?"

"పాస్టరుగారు కేన్సరని..."

రోజలిన్ నా వైపు తిరిగింది. "పెద్దమ్మా! ఏటి రాసినావు?"

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"కేన్సరూ లేదు, ఏటీ లేదు. నానింకో నలభై ఏళ్ళు బతుకుతాను, పొట్టకి సంచితో. ఒక్కోసారి అది కారతాది కూడా. ఇప్పుడడుగు."

జాక్సన్ వెనక్కి తిరిగాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

"సూసినావా? జాలితో వచ్చినాడు, అదైపోనాక పోనాడు," అంది రోజలిన్. ఎవర్ని తిట్టాలో నాకు అర్థం కాలేదు. నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆరో రోజు ఆస్పత్రిలో సంచి మార్చడం నేర్పడానికి నర్సు సిస్టర్ వచ్చింది. "ఇంట్లోవాళ్ళు ఒకరు నేర్చుకోవాలి. ఎవరు?"

నేనింకా కళ్ళద్దాలు వెతుక్కుంటున్నాను.

"నాను," అని తలుపు దగ్గర గొంతు. జాక్సన్!

"ఇన్నాళ్ళూ ఏటైపోనావు?" అంది రోజలిన్.

"రోజూ కింద కూకుని ఎల్లిపోతన్నాను. సచ్చిపోతావని ఏడవడానికి సిద్ధపడిపోనాను. బతుకుతావంటే ఏటి మాటాడాలో తెలీలేదు."

"నలభై ఏళ్ళంటే భయమేసిందా?"

"ఏసింది. సరిగ్గా సూసుకోలేనేమోనని."

సిస్టర్ ఇద్దర్నీ చూసి, "ఈయనేమవుతారమ్మా మీకు?" అని అడిగింది.

జాక్సన్ నేల చూపులు చూశాడు. రోజలిన్ దిండు సర్దుకుంది.

"నన్ను సేసుకోబోయేవాడు. ముందు సేతులు కడుక్కోమనండి."

మిరియం, అరవై ఏడేళ్ళు. ఇప్పుడు భీమిలిలో, వాళ్ళిద్దరి ఇంట్లోనే ఉంటున్నాను.