నలభై రెండో ఉత్తరం

ఆ ఉత్తరాల గదికి మంచి పేరు లేదు. పాత కాగితాలు దాచే భవనంలో, మెట్ల కింద, కిటికీ లేని గది. నూటయాభై ఏళ్ల నాటి ఓ నవలా రచయిత ఇంటి ఉత్తరాలన్నీ అక్కడి పెట్టెల్లోనే ఉన్నాయి. చీకటి పడితే లోపల ఎవరో రాస్తుంటారని చెప్పుకునేవాళ్లు. పొద్దున తలుపు తీస్తే... బల్ల మీద ఇసుక!

ఉత్తరాలకు జాబితా రాసే ఆవిడ ఈ మాట విని పడీపడీ నవ్వింది.

"దెయ్యమూ లేదు, దాని తాతా లేదు. ఆ రోజుల్లో సిరా ఆరడానికి ఇసుక చల్లేవాళ్లు. మడత విప్పితే రాలదూ మరి!" అని కాపలాదారుకే పాఠం చెప్పింది.

"ఏమోనమ్మా... దీపాలు పెట్టే వేళ దాటాక మాత్రం ఉండకండి," అన్నాడాయన గొంతు తగ్గించి.

ఆ వారం ఆవిడ చేతికి వచ్చినవి రచయితకు ఆయన అక్క రాసిన ఉత్తరాలు. మొత్తం నలభై ఒకటి. జబ్బుపడి మంచాన ఉన్న మనిషి. ప్రతిదీ "తమ్ముడూ" అని మొదలు, "ఒక్కసారి వచ్చిపో" అని ముగింపు. ఆయనగారు నవల రాస్తున్నారు కదా, తీరికేది? జాబితాలో "జవాబు" అన్న గడిలో ఈవిడ నలభై ఒక్కసార్లు "లేదు" అని రాసింది, పెన్సిలుతో. ఆ గదిలోకి సిరా తేవడానికి వీల్లేదు.

అప్పుడే ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి సొంత అక్క.

"ఆపరేషన్ రేపొద్దున్నే. భయంగా ఉంది. కాసేపు వచ్చి కూర్చోకూడదూ?"

"ఈ పెట్టె ఒక్కటీ అవగొట్టేసి పొద్దున్నే వాలిపోతాగా, అక్కా."

అక్క ఫోను పెట్టేసింది. ఈవిడకు మనసు చివుక్కుమంది... అయినా లేవలేదు.

బయట చీకటి పడింది. ఉత్తరాలు పెట్టెలో సర్దుతూ లెక్కపెట్టింది. నలభై రెండు.

మళ్లీ లెక్కపెట్టింది — నలభై రెండే.

అన్నిటికన్నా కింద ఉన్నదాన్ని మెల్లగా విప్పింది. ఇసుక రాలలేదు. ఇంకా అక్షరాలకు అంటుకునే ఉంది... తడిగా! వేలికి నల్లగా సిరా అంటింది. అవే వంకర అక్షరాలు, అదే వణుకు చేతిరాత. కానీ మొదటి మాట "తమ్ముడూ" కాదు.

"చెల్లీ, పొద్దుటిదాకా ఆగకు."

వెనకాల... సరసరమని ఇసుక పోస్తున్న చప్పుడు.

ఈవిడ వెనక్కి తిరగలేదు. చెప్పులు కూడా వదిలేసి మెట్లెక్కి, కాపలాదారు పిలుస్తున్నా ఆగకుండా వీధిలో పడింది.

ఆస్పత్రి చేరేసరికి అక్కను చక్రాల మంచం మీద తోసుకెళ్తున్నారు. ఉన్నట్టుండి పరిస్థితి విషమించిందట. ఆపరేషన్ ఇప్పుడేనట.

"అక్కా!" అని చేయి పట్టుకుంది. ఏడుపు తన్నుకొచ్చింది. పొద్దుటిదాకా ఆగి ఉంటే ఏం చూసేదో! అక్క అరచేతిలో ఏదో గరగరమని తగిలింది.

అక్క మాత్రం నవ్వింది. "వస్తావని చెప్పిందిలే ఆవిడ."

"ఏ... ఏ ఆవిడ?"

"ఎవరో పెద్దావిడే. ఇందాకటిదాకా నా పక్కనే కూర్చుని ఏదో రాసుకుంటోంది. నువ్వొస్తే ఒక మాట చెప్పమంది..."

తలుపులు మూసుకుంటున్నాయి. లోపలి నుంచి అక్క గొంతు సన్నగా వినిపించింది.

"నలభై రెండోదానికి జవాబొచ్చిందట!"