తగ్గని ఆయిల్

"అన్నా, నా బండిల ఆయిల్ ఎవరు తాగిన్రు?"

మట్టెవాడలో భానుచందర్ మెకానిక్ షెడ్డు ముందు కారు దిగుతూనే సుభాషిణి అడిగిన మొదటి మాట అది. మూడు నెలల కింద అతనే ఆయిల్ మార్చాడు. ఇప్పుడు చూస్తే లీటరు దాకా తక్కువ. బండి కింద చుక్క కారిన మరక లేదు, వెనక పొగ లేదు. అంటే పోసేటప్పుడే కొంత మిగుల్చుకున్నాడని ఆమె అనుమానం.

భానుచందర్‌కు ఒళ్లు మండింది. ఎనిమిదేళ్లుగా షెడ్డు నడుపుతున్నాడు, ఒక్కరితోనూ దొంగ అనిపించుకోలేదు. అంత కోపంలోనూ కళ్లు మాత్రం ఆమె ముఖాన్ని వదలనంటున్నాయి, అదో తంటా.

"మేడం, నేను దొంగనైతే ఇయ్యాల్నే షెడ్డుకు తాళమేస్త. జర గంటసేపు కూసోండ్రి."

గంట కాదు, రెండు గంటలు పట్టింది. ఇంజిన్ మీది గాలి పైపు విప్పి, టార్చి వేసి చూపించాడు. లోపల వాల్వుల మీద నల్లటి మసి, అడుగంటిన పాలగిన్నెలా గట్టిగా పేరుకుని ఉంది.

"మీ ఆయిల్ గీడున్నది. ఇంజిన్ బాగ కాగితే ఆయిల్ ఆవిరైతది మేడం. ఆ ఆవిరి గాలితోని వచ్చి వాల్వులకు అంటుకొని మాడుతది. మీ బండి తిరిగింది తక్కువ, కాగింది ఎక్కువ. ఎక్కడన్న నిలబెట్టి ఇంజిన్ నడిపిస్తరా?"

సుభాషిణి ముఖం చిన్నబోయింది. వాళ్ల నాన్న రాజేశ్వర్ రావు ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారి. పొద్దున ఆయన్ని దింపి, బస్తాల తూకాలు, కాంటాలు అయ్యేదాకా ఆమె బండిలోనే కూర్చుంటుంది. ఆ మిర్చి ఘాటుకు అద్దం దించితే దగ్గే దగ్గు. అందుకని మూడేసి గంటలు ఏసీ నడుస్తూనే ఉంటుంది, దానికోసం ఇంజినూ నడుస్తూనే ఉంటుంది.

"సారీ అన్నా," అంది మెల్లగా.

అతను వాల్వులు శుభ్రం చేసి, కొత్త ఆయిల్ పోసి, ఆయిల్ పుల్ల తీసి, ఆయిల్ గీత దాకా ఉందో లేదో చూసుకోవడం ఆమెకు నేర్పించాడు.

"ఇగ ఉత్తగ ఇంజిన్ నడపకండ్రి. నాలుగు శనివారాలు బండి తీసుకరాండ్రి, చూద్దాం."

తీసుకొచ్చింది. మూడో వారానికల్లా ఆమె నోట "అన్నా" మాయమైంది, అతని నోట "మేడం" కూడా పోయింది. నాలుగో శనివారం వాన దంచికొడుతుంటే రేకుల కింద నిలబడి ఇద్దరూ ఒకే ప్లేటులో బజ్జీలు తిన్నారు. ఆయిల్ చుక్క తగ్గలేదు. ఆ ముక్క చెబితే ఆమె ఇక రాదు. అదొక్కటే భానుచందర్ భయం.

"కొద్దిగ తగ్గినట్టున్నది. మళ్ల శనివారం రా," అన్నాడు.

బండి గురించి అబద్ధం చెప్పడం అతనికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు, పాపం. అదే అబద్ధం ఇంకో మూడు వారాలు నడిచింది.

ఎనిమిదో శనివారం ఆమె ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"నాన్న బండి అమ్ముతాండు. బాగు చేసినంక గూడ ఆయిల్ తగ్గుతాందంటే ఇగ లాభం లేదంటాండు. రేపే బేరం."

బోల్టు తిప్పుతున్న పానా భానుచందర్ చేతిలో ఆగిపోయింది. నిజం చెబితే, అతను మోసగాడని మొదటి రోజు ఆమె పడ్డ అనుమానమే ఖాయమవుతుంది. చెప్పకపోతే మంచి బండి పోతుంది, దాంతోపాటు ఆమె రాకా పోతుంది.

"తగ్గుతలేదు," అన్నాడు తల దించుకుని. "ఎన్నడూ తగ్గలే. ఆ మాట చెప్తే నువ్వు రావని చెప్పలే. నువ్వు రాకుంటే నాకు శనివారం గడవది, సుభా. మీ నాన్నకు నేనే చెప్త. నువ్వు ఎంత తిట్టినా పడత."

ఆమె తిట్టలేదు. బానెట్ ఎత్తి, ఆయిల్ పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి అతని ముందు పెట్టింది. ఆయిల్ సరిగ్గా గీత మీద ఉంది.

"చూసుడు నువ్వే నేర్పినవ్ గద. శుక్రవారం శుక్రవారం ఇంటికాడ చూసుకునే వస్తాన్న."

"ఎరికుండి గూడ వచ్చినవా! మరి మీ నాన్న బేరం?"

"ఏ బేరం లేదు. నువ్వొక్కడివే చెప్తవా అబద్ధాలు?" ఆపుకున్న నవ్వంతా ఒక్కసారి బయటికొచ్చింది. "నీ నోట్లకెళ్లి ఆ ముక్క వచ్చేదాక ఇంకెన్ని శనివారాలు తిరగాలె నేను? రేపు ఇంటికి రా. నాన్న ఆయిల్ ఇంక తగ్గుతాందనే అనుకుంటాండు, తగ్గుతలేదని చెప్పు. ఆయన ఖుషీ అయితడు. అప్పుడు మిగిలింది చెప్పు."

"మిగిలిందంటే?"

"శనివారం గడవదన్నవ్ గద, గదే."