మైకులో చావు కబురు

కాల్పులు!

ఒకదాని వెంట ఒకటి...

సూర్యాస్తమయపు మగ్రిబ్ నమాజు అప్పుడే ముగిసింది. యుద్ధం తర్వాత తిరిగి కట్టిన మసీదు మెట్ల మీద, ఎన్నికల్లో నిలబడిన హాజీ నజ్‌హాన్ ఒరిగిపోతాడు. జనం చెల్లాచెదురు.

అతని గార్డు సల్వాన్ ఆగడు. తుపాకీ మనిషి పాత మోసుల్ శిథిలాల్లోకి దూరడం చూశాడు. వెంటపడతాడు.

కూలిన మేడలు. వంగిన ఇనుప చువ్వలు. 'మందుపాతరలు తీసేశాం' అని గోడల మీద రాతలు. అవి నమ్మి కాళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఊళ్లో చాలామందే.

సల్వాన్ కిందికి చూడడు. తన కాళ్ల కోసం దిగులుపడేవాళ్లు లేరు. ఒకే బాంబుకి భార్య, కూతురు, ఇల్లు... అన్నీ పోయాయి. ఇప్పుడు గార్డుల గదిలో ఓ మంచం. నది ఒడ్డు హోటల్లో రొట్టె, పప్పు సూపు. ఎదుటి కుర్చీ ఎప్పుడూ ఖాళీయే.

సందు చివర గోడ! దారి లేదు.

ఆ మనిషి తుపాకీ పారేసి చేతులెత్తుతాడు. సల్వాన్ గుర్తుపడతాడు. శిథిలాల్లో ఇనుము ఏరుకునే ధియాబ్.

"కాల్చకు అన్నా... నా తుపాకీలో గుళ్లు లేవు. ఉత్త చప్పుడే."

"ఎవరిచ్చారు?"

"హాజీ మనుషులే. ఓట్ల ముందు కాస్త హడావుడి, కాల్చి పారిపో అన్నారు."

సల్వాన్ నోరు తెరిచేలోగా మసీదు మైకు గరగరమంటుంది. హాజీ ఏడుపు గొంతు. దేవుడు తనను కాపాడాడట. తనకు అడ్డంపడి గార్డు సల్వాన్ అమరుడయ్యాడట. ఓడిపోయిన మిలిటెంట్ల భార్యాపిల్లలు క్యాంపుల నుంచి మొన్ననే ఊళ్లోకి తిరిగొచ్చారు కదా... హంతకులు వాళ్ల ఇళ్లలోనే దాక్కున్నారట.

తను బతికే ఉన్నాడు!

వెనక అడుగుల చప్పుడు. హాజీ గార్డుల కెప్టెన్ మునీఫ్... సల్వాన్‌ని ఈ ఉద్యోగంలో పెట్టినవాడు. పోయిన కూతురి పేరుతో ఇప్పటికీ పిలిచే ఒకే ఒక్కడు. చేతిలో పిస్తోలు.

"తొందరపడ్డాడు హాజీ," అంటాడు, మైకు వినిపిస్తున్న వైపు విసుగ్గా చూస్తూ.

"నేనే ఎందుకు?"

"మిగతావాళ్లకి అమ్మలున్నారు, పిల్లలున్నారు. రేపు నా గుమ్మం ముందు కూర్చుని ఏడుస్తారు. నీకెవరున్నారు చెప్పు, మరియం నాన్నా?"

"నువ్వున్నావనుకున్నా."

మునీఫ్ కళ్లు వాలతాయి. పిస్తోలు మాత్రం లేస్తుంది.

ఢాం!

మునీఫ్ మోకాళ్ల మీద కూలి, పక్కకి వాలిపోతాడు. ముందు పేలింది సల్వాన్ తుపాకీ. ధియాబ్‌ని పొమ్మంటాడు. వంగి, మునీఫ్ కళ్లు మూస్తాడు. అక్కడే కూర్చుండిపోవాలనిపిస్తుంది.

అవతల వీధిలో కేకలు... జనం ఆ ఇళ్ల వైపు కదులుతున్నారు. ఆడవాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇళ్లు.

సల్వాన్ జనాజాకి, అంతిమ నమాజుకి, రమ్మని మైకు పిలుస్తోంది.

చచ్చినవాణ్ణి ఆపడానికి ఎవరూ కాపు కాయరు. ఆ మైకులో తన గొంతు వినబడితే జనం ఆగుతారు.

తుపాకీ చొక్కా కింద దోపుకుని, సల్వాన్ మసీదు వైపు పరిగెడతాడు.