నైరుతి మూల రెండు చక్రాలు

కూతురు ఆశాజ్యోతి జడకి రిబ్బను కడుతూ హైమ కిటికీలోంచి రొయ్యల చెరువు వైపు చూసింది. నీళ్ళకి గాలి పట్టించే పది ఏరియేటర్లకి ఆరే తిరుగుతున్నాయి. నిన్నా అంతే, మొన్నా అంతే. తక్కిన నాలుగూ కాళ్ళు ముడుచుకున్న కొంగల్లా నీళ్ళమీద ఊరికే ఉన్నాయి.

"బిగుతుగా ఉందమ్మా," అంది పాప.

హైమ రిబ్బను వదులు చేసింది. గబగబా బూట్లు తొడిగి, టిఫిన్ డబ్బా బ్యాగులో పెట్టి గుమ్మం దాటబోతుంటే వంటింట్లోంచి అత్తగారు లక్ష్మీనరసమ్మ గొంతు వినిపించింది.

"వ్యాను ఆరూ నలభైకి కదమ్మా వచ్చేది. ఇప్పుడింకా ఆరవలేదు. చిన్నపిల్లని పట్టుకుని ఆ రోడ్డు మీద ఏం చేస్తావు?"

"ఒక్కోరోజు ముందే వచ్చేస్తోందండి, అత్తయ్యగారు."

మూడు వారాలుగా చెప్తున్న అబద్ధం. మొదట్లో నాలుక తడబడేది. ఇప్పుడు తడబడటం లేదు, అదే ఆమెకి ఇంకా భయంగా ఉంది.

ఇంటి వెనక నుంచి రోడ్డుకి వెళ్ళే దారి చెరువు గట్టు మొదట్లో ఉన్న మోటారు షెడ్డు పక్కగానే పోతుంది. అంతవరకే ఆమెకి అనుమతి. రాజుల ఇళ్ళ కోడళ్ళు చెరువు గట్టు ఎక్కరు. నలభై ఏళ్ళు ఈ ఇంట్లో కాపరం చేసిన లక్ష్మీనరసమ్మగారు కూడా తన చెరువు నీళ్ళని పెరటి గోడ ఇవతల నుంచే చూశారు. భీమవరం కాలేజీల్లో చదివిన ఆడపిల్లలకి ఆ కట్టు సడలిందేమో గానీ, కోడళ్ళకి ఎవరూ సడలించలేదు.

హైమ అటూ ఇటూ చూసి షెడ్డులోకి అడుగు పెట్టింది. గోడకి రెండు పాత స్టార్టర్లున్నాయి. వాటి ముందు, ఎప్పటిలాగే, ఒక వెడల్పాటి చెక్క పడి ఉంది. దాని పక్కనే ఇంకో చిన్న చెక్కముక్క. ఆమె పెద్ద చెక్క మీద నుంచుని ఆకుపచ్చ బటన్లు రెండూ నొక్కింది. నైరుతి మూల రెండు చక్రాలు ఒకసారి వణికి, నీళ్ళు చిమ్ముతూ తిరగడం మొదలెట్టాయి. పాప చిన్న చెక్క మీదెక్కి ఒంటికాలితో గెంతుతోంది.

ఎదురు గట్టు మీద సత్తియ్య ఇటు వీపు పెట్టి వల సర్దుకుంటున్నాడు. రోజూ సరిగ్గా ఈ వేళకి అక్కడే ఉంటాడు. సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఈ చెరువుకి కాపలా ఉన్న మనిషి. చూడనట్టు నటిస్తున్నాడని హైమకి తెలుసు. ఏదో ఒకరోజు మావగారి చెవిన వేస్తాడు. ఎప్పుడన్నదే తెలియదు.

వ్యాను వెళ్ళగానే వెనక్కొచ్చి ఎర్ర బటన్లు నొక్కేసింది. చక్రాలు ఆగాయి.

రెండేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున కరెంటు పోయి, జనరేటరు అందుకోక, చెరువు మొత్తం ఊపిరాడక పోయింది. తెల్లారేసరికి నీళ్ళు కనబడనంతగా రొయ్యలు తెల్లగా తేలాయి. ఆమె భర్త శ్రీనివాసరాజు ఆ తర్వాత పదకొండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. రెండేళ్ళ పాప వెళ్ళి ఒళ్ళో కూర్చున్నా గోడకేసే చూస్తూ ఉండేవాడు. ఆ పదకొండు రోజులు మళ్ళీ రాకూడదన్నదొక్కటే హైమ కోరిక. దానికోసం ఎన్ని అబద్ధాలైనా ఆడుతుంది.

ఇప్పుడా చెరువు ఆడపడుచు ప్రణతి చేతిలో ఉంది. ప్రణతి ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్తూ పీహెచ్‌డీ చేస్తోంది. నెల కిందట గట్టు మీద ఒక తెల్ల బాక్సు పెట్టించింది. ఏ ఏరియేటరు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో ఇక ఆ బాక్సే చూసుకుంటుందిట. నాలుగు ఏరియేటర్లు అనవసరమని, వాటి తీగలు బాక్సుకి కలపనేలేదు, పాత స్టార్టర్లకే వదిలేసింది.

ఆ నాలుగింట్లో రెండు నైరుతి మూలవి. ఆ మూలలో చెరువు కొంచెం వంపు తిరిగి ఉంటుంది. వ్యాను కోసం నడిచేటప్పుడు హైమకి అది దగ్గరగా కనిపిస్తుంది. బాక్సు పెట్టిన మూడో రోజునే అక్కడ రొయ్యలు గట్టు అంచుకి చేరి, మీసాలు నీళ్ళపైన ఆడిస్తూ కనిపించాయి. రెండేళ్ళ కిందట చెరువు పోయే ముందురోజు కూడా అలాగే కనిపించాయి. అప్పుడామె ఎవరికీ చెప్పలేదు. కోడలు చెరువు సంగతి మాట్లాడటమేంటని ఊరుకుంది.

ప్రణతి మీద అనుమానం ఒక్క రోజులో పుట్టింది కాదు. హైమ గదిలోకి వెళ్తే చాలు, ల్యాప్‌టాప్ టక్కున మూసేస్తుంది. అన్నయ్యతో చెరువు సంగతి మాట్లాడేటప్పుడు ఇంగ్లీషులోకి వెళ్ళిపోతుంది. ఒకరోజు ఫోన్లో వాళ్ళ గైడుతో, నలభైని నాలుగుకి తెచ్చానని, అయినా పెద్ద తేడా రాలేదని నవ్వుతూ చెప్పడం హైమ చెవిన పడింది. నలభై ఏంటో, నాలుగేంటో ఆమెకి అర్థం కాలేదు. తీసేయడంలో ఆవిడ సంతోషం ఒక్కటే అర్థమైంది. ఈవిడకి కావలసింది డిగ్రీ, చెరువు కాదు అనుకుంది. ఇంటర్ రెండో ఏడు పరీక్షలు రాయకుండానే పెళ్ళిపీటల మీద కూర్చున్న తను అడిగితే ఆవిడేం జవాబు చెప్తుంది?

ఆ గురువారం పాపని వ్యాను ఎక్కించి వచ్చేసరికి వరండాలో అందరూ ఉన్నారు. మావగారు సాంబశివరాజు పడక్కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ప్రణతి ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. మెట్ల కింద సత్తియ్య తలగుడ్డ చేత్తో పట్టుకుని నుంచున్నాడు. లక్ష్మీనరసమ్మగారు తలుపు చాటున ఉన్నారు. హైమ కూడా వెళ్ళి ఆవిడ వెనక నిలబడింది.

ప్రణతి తండ్రికి నెమ్మదిగా చెప్తోంది. చెరువుని నలభై గళ్ళుగా గీసుకుని ప్రతి గడిలో నీళ్ళ కదలిక లెక్క వేస్తే ఆ చిన్న బాక్సు మొయ్యలేదు. అందుకని నలభై గళ్ళని నాలుగుకి కుదించింది. తన పీహెచ్‌డీ అంతా ఆ కుదింపు మీదే.

"కుదించినా ఒక్క నియమం మాత్రం చెడిపోనివ్వలేదు నాన్నగారండి. మోటార్లు నీళ్ళకి ఇచ్చిన శక్తి నీళ్ళలో తిరుగుతూ ఉండాలి, లేకపోతే అడుగునా గట్టునా రాసుకుని అరిగిపోవాలి. మూడో దారి లేదు. కానీ రోజూ ఆరింటి నుంచి ఆరూ నలభై దాకా, మనం ఇచ్చినదానికన్నా నీళ్ళు ఎక్కువ తిరుగుతున్నాయి. ఏ చెరువూ సొంతంగా శక్తి పుట్టించుకోదు. ఎవరో బాక్సుకి తెలియకుండా చక్రాలు తిప్పుతున్నారు."

"నీ బాక్సే తప్పు చూపిస్తోందేమో," అన్నారు సాంబశివరాజు.

ఆ నియమం పట్టించుకోకుండా కుదిస్తే అలాగే అయ్యేదని ప్రణతి ఒప్పుకుంది. అలాంటి లెక్క ఈ తేడాని కూడా చెరువు స్వభావమే అనుకుని కలిపేసుకుంటుంది. తనది కలుపుకోదు. పైగా ఆదివారాలు ఈ తేడా రావడం లేదు.

ఆదివారం అనగానే శ్రీనివాసరాజు తల తిప్పి సత్తియ్యని చూశాడు. ఆదివారం సత్తియ్య కూతురి ఊరు వెళ్తాడు. ఆదివారం స్కూల్ వ్యాను కూడా రాదని తలుపు చాటున ఉన్న హైమ ఒక్కదానికే తట్టింది.

బాక్సు పెట్టిన రోజున సత్తియ్య ముఖం మాడ్చుకున్న సంగతి శ్రీనివాసరాజు గుర్తు చేశాడు. యంత్రమే అన్నీ చూసుకుంటే కాపలా మనిషి ఎందుకని భయపడ్డాడేమో, దాన్ని చెడగొట్టాలని చూస్తున్నాడేమో అన్నాడు. అతని గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది. చిన్నప్పుడు అతనికి ఈత నేర్పింది సత్తియ్యే.

"ఏరా సత్తియ్యా, ఆ పాత స్టార్టర్లు నొక్కుతున్నది నువ్వేనా?" అన్నారు సాంబశివరాజు.

సత్తియ్య తలెత్తలేదు. తలగుడ్డని ఒక మడత వేశాడు, మళ్ళీ విప్పాడు.

"నేనేనండి అయ్యగారు."

హైమ ఇన్నాళ్ళూ ఎవరికి భయపడిందో, ఎప్పుడు చెప్పేస్తాడా అని ఎవరి వీపుని చూస్తూ వణికిందో, ఆ మనిషి నోటి నుంచి ఆ మాట వచ్చింది. మావగారు ఇక రేపటి నుంచి రావద్దని చెప్పబోతూ ఊపిరి తీసుకోవడం ఆమెకి వినిపించింది.

ఆ ఊపిరి మాటగా మారేలోపు హైమ అత్తగారిని దాటుకుని వరండాలోకి వచ్చేసింది.

"అతను కాదండి మావయ్యగారు. నేను. రోజూ పాపని తీసుకెళ్ళేటప్పుడు వేస్తున్నాను, వచ్చేటప్పుడు ఆపేస్తున్నాను."

లోపల కుక్కరు కూత వేసినా లక్ష్మీనరసమ్మగారు కదల్లేదు.

"మీరా?" అంది ప్రణతి. "నాకొక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదండీ వదినగారు. మూడు వారాలు ఎక్కడ తప్పు చేశానా అని పిచ్చెక్కిపోయింది నాకు."

"ఎవరికి చెప్పనండి? నేను గదిలోకి వస్తే మీరు అది మూసేస్తారు."

"మీ వెనకాలే వచ్చి పాప మీటలు నొక్కేస్తోందని. ఒకసారి వారం రోజుల పని చెరిపేసింది. మీరు బాధపడతారని చెప్పలేదు."

హైమ ఒక్క క్షణం తెల్లబోయింది. ఇంత చిన్న సంగతా? కానీ మొదలుపెట్టాక ఆగలేకపోయింది. మూల దగ్గర రొయ్యలు గట్టుకి చేరడం, మీసాలు ఆడించడం, రెండేళ్ళ కిందట చూసి కూడా నోరు మూసుకోవడం, అన్నీ చెప్పేసింది.

"ఆ పదకొండు రోజులు మళ్ళీ చూడలేనండి," అంది భర్త వైపు తిరిగి. శ్రీనివాసరాజు తల దించుకున్నాడు.

ప్రణతి మాత్రం స్క్రీను వంక చూస్తోంది. వేలితో ఏదో వెతికి, ఆగింది. నలభై గళ్ళున్నప్పుడు నైరుతి మూలకి సొంత గడి ఉండేది. నాలుగు చేసినప్పుడు అది చెరువు నడిమి గడిలో కలిసిపోయింది.

"కుదించినా మొత్తం మీద శక్తి లెక్క సరిపోయింది. అందుకే ఆ మూల మీద నాకు అనుమానం రాలేదు," అంది తనలో తను అనుకుంటున్నట్టు. "మూల ఊపిరి సంగతి లెక్కలో లేదు."

సత్తియ్య అప్పుడు నోరు విప్పాడు. చెరువులో మేత తిన్నదీ లేనిదీ చూడటానికి నాలుగు మూలలా వల పళ్ళేలు దించి ఉంచుతారు, వాటిని చెక్ ట్రేలంటారు. సోమవారం పొద్దున ఆ మూల ట్రేలో మాత్రం మేత పెట్టింది పెట్టినట్టే ఉంటోందని, అది ప్రణతమ్మగారికి చెప్పాలో లేదో తెలియలేదని చెప్పాడు. ఆదివారం చక్రాలు తిరగలేదు మరి.

"చూద్దాం పదండి," అంటూ ప్రణతి నీళ్ళలో ఆక్సిజన్ చూసే మీటరు తీసుకుని లేచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "వదినగారు, ఎక్కడో మీరే చూపించాలి."

హైమ కదల్లేదు. అత్తగారి వంక చూసింది. లక్ష్మీనరసమ్మగారు కొంగు భుజం నిండా లాక్కుని, మెట్లు దిగారు.

"నన్నెందుకమ్మా చూస్తావు. నడు, నేనూ వస్తాను. నలభై ఏళ్ళు తిన్నాం దాని మీద. దాని ముఖం ఎలా ఉంటుందో చూడనీ."

సాంబశివరాజూ, శ్రీనివాసరాజూ లేచి వాళ్ళ వెనకే నడిచారు.

నడి చెరువులో మీటరు నాలుగున్నర దగ్గర నిలిచింది. మూల వంపులో, అదీ చక్రాలు ఆపి గంట కాకుండానే, రొయ్యకి నాలుగైనా ఉండాల్సిన చోట మూడు కూడా లేదు. ప్రణతి రెండుసార్లు కడిగి మళ్ళీ ముంచింది. అంకె మారలేదు. మీసాలు నీళ్ళపైన సన్నగా కదులుతున్నాయి. ఆమె గట్టు మీద అలాగే గొంతుక్కూర్చుండిపోయింది. వెంటనే ఆ రెండు చక్రాలూ వెయ్యమని అన్నకి చెప్పింది. ఆ తర్వాత హైమ చెయ్యి పట్టుకుంది.

"నా పద్ధతిలో చెరువుని లెక్కల్లో గీసే ప్రతి బొమ్మకీ ద్వారాలుంటాయండి. బయటి నుంచి శక్తి వచ్చే ప్రతిచోటా ఒక ద్వారం గియ్యాలి. మోటార్లకి గీశాను, గాలికి గీశాను. మీ చేతికి గియ్యలేదు. రేపు ఐదో గడి పెడతాను, మీ మూలకి. ఈ స్టార్టర్లని బాక్సుకి కలుపుతాను. మీరు నొక్కితే దానికి తెలుస్తుంది, అంతే. వద్దనదు."

ఆ తర్వాత ప్రణతి సత్తియ్య దగ్గరికి వెళ్ళి తప్పయిపోయిందని చెప్పింది. అతను తలగుడ్డ సర్దుకుంటూ ఇబ్బందిగా నవ్వాడు. నువ్వెందుకు ఒప్పుకున్నావురా అని సాంబశివరాజు అడిగితే, అమ్మగారు చెరువు గట్టెక్కారన్న మాట తన నోటి నుంచి రాకూడదనుకున్నానని మాత్రం అన్నాడు.

స్టార్టర్లు చూడటానికి ప్రణతి, వెనకే హైమ షెడ్డులోకి వెళ్ళారు. నేలంతా చెమ్మగా ఉంది. ఒక స్టార్టరుకి తీగ తొడుగు ఊడి రాగి కనిపిస్తోంది. ప్రణతి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈ తడిలో నుంచుని దీన్ని ముట్టుకుంటే మనిషి మిగలడని, ఇన్నాళ్ళూ ఏం కాకపోవడం అదృష్టమని అంటూ వంగి, కింద ఉన్న పెద్ద చెక్కని తిరగేసింది.

చెక్క అడుగున, కరెంటు పారకుండా, పాత టైరు ముక్కలు వరసగా మేకులతో కొట్టి ఉన్నాయి.

"ఇదెవరు వేశారు?" అంది.

సత్తియ్య బయట ఎటో చూస్తున్నాడు.

హైమకి ఆ ఎదురు గట్టు, అటు తిరిగిన వీపు గుర్తొచ్చాయి. అటు నుంచి ఎవరైనా వస్తే ముందుగా అతనికే కనిపిస్తారు. కాపలా కాసింది ఆమె మీద కాదు, ఆమె కోసం.

ఆమె నెమ్మదిగా వంగి రెండో చెక్కని చేతిలోకి తీసుకుంది. జానెడున్నర కూడా లేదు. దాని అడుగున కూడా టైరు ముక్కలున్నాయి, చిన్నవి. పిల్ల కాళ్ళకి గీసుకోకుండా అంచులు నున్నగా చిత్రిక పట్టి ఉన్నాయి.

ఆ చెక్కని గుండెకి హత్తుకుని బయటికొచ్చి, అందరి ముందూ, చెరువు గట్టు మీద, హైమ ఏడ్చేసింది.