కడిగిన సీసా

"ఈ సీసా కడిగారా?"

"శుభ్రంగా కడిగానండీ. మొహం కనబడుతోంది చూడండి."

"కనబడుతోంది. తీసుకెళ్ళి పారబోయండి."

నగరం తాగే నీళ్ళను పరీక్షించే ల్యాబ్‌లో ఆమె మైక్రోబయాలజిస్టు. వీధి కుళాయిల నుంచి శాంపిళ్ళు తెచ్చేవాళ్ళు ఆమెకు పెట్టిన పేరు రిజెక్ట్ మేడమ్. ఆ రోజే కొత్తగా చేరిన ఇతనికి వాగుడుకాయ అని పేరు పెట్టడానికి వాళ్ళకు ఒక పూట కూడా పట్టలేదు.

"కడిగితే తప్పేంటండీ? గ్లాసు కడక్కుండా నీళ్ళిస్తే మా అక్క మీద అలుగుతాను నేను."

"మీ అక్క గ్లాసులో మందు వెయ్యదు కదా! ఈ సీసాలో చిటికెడు వేసి పంపుతాం. నీళ్ళలో క్లోరిన్‌ని అది అక్కడికక్కడే ఆపేస్తుంది. కడిగితే మందు పోతుంది, క్లోరిన్ దారిపొడుగునా క్రిముల్ని చంపుకుంటూ వస్తుంది. కుళాయి దగ్గర తాగినవాడు మంచం పడతాడు. నా దగ్గర మాత్రం నీళ్ళు క్లీన్ అని తేలుతుంది."

"అమ్మయ్య! మీరూ నాలాగే వాగుతారన్నమాట."

ఆమెకు నవ్వొచ్చింది. మాస్కు ఉంది కాబట్టి పరువు దక్కింది.

తర్వాత అతను మళ్ళీ సీసా కడగలేదు. ఐస్ డబ్బా బల్ల మీద పెట్టి, "నీళ్ళకి జ్వరం లేదు మేడమ్, చెయ్యేసి చూసుకోండి" అనేవాడు. అతని బండి చప్పుడు వినబడగానే ఆమె జుట్టు సర్దుకునేది. టోపీ కింద జుట్టు ఎవడిక్కనబడుతుందే అని తనను తానే తిట్టుకునేది.

ఒక వానరోజు అతను తడిసి ముద్దయి, వణుకుతూ వచ్చాడు.

"సీసా జారి బురదలో పడింది మేడమ్. కంగారులో కుళాయి కింద పెట్టి లోపలా బయటా కడిగేసి, నీళ్ళు పట్టాను. మా అక్కవాళ్ళ వీధిదే. మళ్ళీ వెళ్ళి తెస్తాను."

ఆమె అతని నుదుటి మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది.

"ఈ ఒంటితో ఎక్కడికి వెళ్తారు? ఇంటికెళ్ళి పడుకోండి. ఈ ఒక్కసారికి తీసుకుంటాను."

మర్నాడు నీళ్ళు క్లీన్ అని తేలింది. ఆమె సంతకం పెట్టింది. ప్రేమించడం మంచిదే, కానీ ల్యాబ్ కోటు వేసుకుని ప్రేమించకూడదు.

వారం తిరక్కుండా ఆ వీధి వీధంతా వాంతులతో పడకేసింది. మూలింటి ముసలి దర్జీ చనిపోయాడు. వాగుడుకాయ మేనకోడలు ఆస్పత్రిలో చేరింది.

మీటింగులో ఇంజనీరు ఆ రిపోర్టు చూపించాడు. "నీళ్ళు క్లీన్. బయట ఏ గడ్డో తినుంటారు. సరఫరా ఆపేది లేదు."

తలుపు దగ్గర నిలబడ్డ వాగుడుకాయ ముందుకొచ్చాడు. "సీసా కడిగింది నేను సార్. మేడమ్‌కి చెప్పకుండా దాచాను."

ఆమె నోరు మూసుకుంటే చాలు, ఉద్యోగం మిగిలేది. ఆమె లేచి నిలబడింది.

"ఈయన అబద్ధం చెప్తున్నాడు. అప్పుడే నాకు చెప్పాడు. తెలిసీ తీసుకున్నాను. ఆ రిపోర్టు చెల్లదు. ముందు నీళ్ళు ఆపండి!"

నీళ్ళు ఆపి తవ్వితే, మురుగుకాలవ పక్కన పైపు పగిలి ఉంది. ఆమెను సస్పెండ్ చేశారు.

"ఎందుకు చెప్పారు?" బయట అడిగాడు అతను.

"మీరెందుకు అబద్ధమాడారు?"

"మీరంటే ప్రాణం కాబట్టి."

"నాకూ మీరంటే ప్రాణమే. అందుకే ఆ సీసా తీసుకున్నాను. ఒక మనిషి పోయాడు."

ఇద్దరూ ఆస్పత్రికి నడిచారు. వార్డు బయట బెంచీ మీద అతని అక్క కూర్చుని ఉంది. కళ్ళు వాచిపోయాయి.

"ఆ సీసా తీసుకుంది నువ్వేనా?"

"నేనే అక్కా."

"నిన్ను చూస్తే ఒళ్ళు మండిపోతోంది."

ఆమె తల దించుకుంది. అతను ఏదో అనబోతే అక్క చేత్తో ఆపింది.

"మీటింగులో నువ్వు నోరు మెదపకపోతే, నా పిల్ల ఇంటికొచ్చి మళ్ళీ ఆ నీళ్ళే తాగేది. అది కళ్ళు తెరిచేదాకా నాతో మాట్లాడకు."

ఆమె వెనుదిరిగింది.

"వెళ్ళమన్నానా? మాట్లాడొద్దన్నాను. కూర్చో."

అక్క బెంచీ మీద తన పక్కనున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.