ఒకవైపే తిరిగే తరిమెన

తెల్లవారి మొదటి బస్సుకే ఓబులమ్మ ఆలూరులో దిగింది. చంకలో బట్టల మూట, చేతిలో ఒంటిమిట్ట రామయ్య ప్రసాదం పొట్లం. వెనకాలే పక్కింటి హులిగెమ్మ మోకాళ్లు పట్టుకుని దిగుతూ, "అబ్బబ్బా, రైల్లో కూర్చోని కూర్చోని నడుం పడిపోయిండాదే" అని మూలిగింది. ఓబులమ్మకు మాత్రం ఒళ్లు తేలిగ్గా ఉంది. నలభై రెండేళ్లు వచ్చాక ఊరు దాటి తిరనాళ్లకు వెళ్లడం ఆమెకు ఇదే మొదలు. అదీ తాను నోరు తెరిచి అడిగింది కాదు. తమ్ముడు తిమ్మయ్యే పిలిచి, "పోయిరా అక్కా, ఇంగెప్పుడు చూస్తావు?" అని టిక్కెట్టు చేతిలో పెట్టాడు.

"నా తమ్ముడు బంగారం హులిగీ. ఈ కాలంలో ఎవుడు పంపిస్తాడే అక్కను తీర్తానికి?"

"ఎన్నోసారి చెప్తావు తల్లీ! ఎవురూ ఎత్తకపోరులే నీ బంగారాన్ని."

తమ్ముణ్ణి బంగారం అనేంత హక్కు ఓబులమ్మకు ఉంది మరి. వాళ్లది వడ్లవాళ్ల ఇల్లు. పద్నాలుగేళ్లకే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి తిరిగొచ్చింది. మరుసటేడే తండ్రికి చూపు మందగిస్తే, కొడుకు చేతికి ఉలి ఇచ్చాడు, కూతురి చేతికి తాడు ఇచ్చాడు. ఆడదాని చెయ్యి ఉలి మీద పడితే పనిముట్టుకు మైల అని ఆ ఇంటి కట్టుబాటు. తాడుకు ఆ పట్టింపు లేదు. రెక్కలు ముక్కలు చేసుకునే పనులకు ఆడా మగా తేడా ఎప్పుడుంది కనక!

అరుగు మీద పాతిన రెండు గుంజలు, వాటి మధ్య ఇనుప ముళ్లకు బిగించిన కొయ్య, కొయ్యకు రెండు చుట్లు తాడు. అదే వాళ్ల తరిమెన. తాడు రెండు కొసలూ ఓబులమ్మ చేతుల్లో ఉండేవి. ఆమె కుడిచేత్తో లాగితే కొయ్య తమ్ముడి వైపు తిరుగుతుంది, అప్పుడు అతను ఉలి ఆనిస్తాడు. ఎడమచేత్తో లాగితే వెనక్కి తిరుగుతుంది, అప్పుడు ఉలి లేపుతాడు. ఆనించడం, లేపడం, ఆనించడం, లేపడం. అలా ఇరవై ఏడేళ్లు మంచం కోళ్లు, ఊయల కడ్డీలు, కుంకుమ భరిణెలు, కవ్వాలు, బొంగరాలు ఆ అరుగు మీదనే పుట్టాయి. తిరిగే కొయ్యకు లక్కపుల్ల ఆనిస్తే ఆ వేడికే కరిగి ఎర్రగా పట్టుకునేది. మొగుడు లేని ఆడబిడ్డ ఊరికే కూర్చుని తింటోందని ఇన్నేళ్లలో ఒక్కరూ అనలేదంటే అది ఆ తాడు చలవే. ఆ సంగతి ఓబులమ్మకు బాగా తెలుసు.

ఇంటి ముందుకు వచ్చి ఆగిపోయింది. అరుగు మీద గుంజలు లేవు. గుంతలు పూడ్చి, పేడతో అలికి, పైన ముగ్గు కూడా వేసి ఉంది.

మరదలు కృష్ణవేణమ్మ గడపలోకి వచ్చి తల పక్కకు తిప్పుకుంది. "వస్తివా వదినా? నీళ్లు కాగినాయి, పోసుకో."

"గుంజలేవి కృష్ణవేణీ?"

"ముందు నీళ్లు పోసుకో. ఆయన వచ్చినంక మాట్లాడుకుందాం."

ఓబులమ్మ మూట అక్కడే పడేసి పెరట్లోకి నడిచింది. నీళ్ల కాగు కింద మంట సన్నగా మండుతోంది. పొయ్యిలోంచి బయటికి పొడుచుకుని ఒక కొయ్య మొద్దు, దాని కొసన ఇనుప ముల్లు దిగిన బెజ్జం. దాన్ని గుర్తుపట్టడానికి ఆమెకు రెండోసారి చూడాల్సిన పని లేకపోయింది. తన తండ్రి చెక్కిన గుంజతోనే తనకు నీళ్లు కాచారు.

"పాత కట్టెలే గదా అని..." అంటోంది వెనక నుంచి కృష్ణవేణమ్మ. ఓబులమ్మ ఆ నీళ్లు పోసుకోలేదు.

కబురు అందుకుని తిమ్మయ్య పరుగున వచ్చాడు. చొక్కా నిండా నూనె మరకలు. అక్క ముఖం చూడకుండానే గబగబా అప్పజెప్పాడు. బావమరిది ప్రకాశం ఆదోని నుంచి ఆయిల్ ఇంజనూ ఇనుప తరిమెనా తెచ్చాడట. బస్సుల రోడ్డు పక్కన షెడ్డు వేశారట. ఊళ్లోని ఆసామి దేవేంద్రప్ప తన కూతురి పెళ్లికి రెండు పట్టెమంచాలు అడిగాడట, వాటి ఎనిమిది కోళ్లూ దాని మీదే పట్టాలట.

"అక్కకు చెప్పాలని తోచలేదా?"

"చెబితే నువ్వు ఒప్పుకోవని..."

"అడిగినావా? ఒప్పుకునేది లేనిది తర్వాత. నన్ను అడిగినావా?"

తిమ్మయ్య చొక్కా మీది నూనె మరకను గోటితో గీకాడు.

"నన్ను తిరనాళ్లకు పంపింది దేవుణ్ణి చూసి రమ్మనా, నా కండ్లెదురుగా గుంజలు పీకలేకనా? నిజం చెప్పు."

"నువ్వు ఈడ ఉంటే నాకు చేతులు ఆడవక్కా."

"చేతులాడని పని అని తెలిసే చేసినావు గదా! ఆ రామయ్య ముందర నిలబడి నీ పేరు మీద కొబ్బరికాయ కొడ్తిని గదరా! నా తమ్మునంతటోడు లేడని రైలంతా చెప్పుకుంటా వస్తి. నువ్వేమో ఈడ గుంతలు పూడ్చి ముగ్గేయిస్తాంటివి!"

"నీకే మేలని చేసినానక్కా. ఇంగ నీకు కష్టం లేదు. ఇంట్లో కూర్చో, కడుపునిండా తిను, ఎవురూ నిన్నేమనరు."

అంతే, ఆ మాటతో ఓబులమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. "కూర్చోని తినేదాన్నయితే ఇరవై ఏడేండ్లు ఎందుకు లాగితిరా? ఎవురూ ఏమనరంట! ఎవురో అనాల్నా, నాకు తెలీదా?"

ఆ పూట ఆమె ఆ ఇంటి రొట్టె ముట్టలేదు. మర్నాటి నుంచి హులిగెమ్మతో కలిసి శెనక్కాయలు వలిచే కూలికి వెళ్లింది. సాయంత్రం ఇంత జొన్నపిండి తెచ్చుకుని, పెరట్లో మూడు రాళ్లు పేర్చి తన రొట్టె తానే కాల్చుకుంది. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలంటే ఊరు ఊరుకుంటుందా? "ఏమప్పా తిమ్మయ్యా, వేరు పడితిరంట గదా, అక్కాతమ్ముడు?" అని బస్సు దిగేవాళ్లు సైతం అడగడం మొదలుపెట్టారు. తిమ్మయ్య రోజూ ఆ మూడు రాళ్ల పక్కగానే తలొంచుకుని వెళ్లాడు గానీ, ఒక్క మాట అనే ధైర్యం చెయ్యలేదు. తప్పు చేసినవాడికి నాలుక బరువెక్కుతుంది.

ఐదో రోజు పొద్దున కృష్ణవేణమ్మ ఆ పొయ్యి దగ్గరకు వచ్చి చతికిలబడింది. కొంగులో ఏదో దాచుకుంది.

"ఏడు కోళ్లు పాడైనాయి వదినా. ఒక్కటీ సాపుగా రావడంల్యా. రేపు దేవేంద్రప్ప మనుషులు వస్తారు. మీ తమ్మునికి పని తెలీదని మా అన్నే నలుగురిలో అంటాండాడు."

"నాకు చెప్తావేంటికి? కట్టెలే గదా, పొయ్యిలో పెట్టు. నీళ్లన్నా కాగుతాయి."

ఆ దెబ్బ తగిలి కృష్ణవేణమ్మ బొటబొటా కన్నీళ్లు కార్చింది. "తప్పయింది వదినా. ఆ పొద్దు నా కండ్లు మూసకపోయింటాయి. నన్ను తిట్టు, కొట్టు. ఆయన్ను మాత్రం ఇడిసిపెట్టొద్దు" అని కొంగులోని పాడైన కోడు తీసి ఆమె ఒడిలో పెట్టింది.

పారేద్దామనే ఓబులమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. వేళ్లు వాటంతట అవే కొయ్య మీద జారాయి. ఒక గాడి, ఒక మిట్ట. ఒక గాడి, ఒక మిట్ట. పై నుంచి కింది దాకా ఒకే ఎడంతో వరసగా ఉన్నాయి. పని తెలియనివాడు చేసిన వంకర ఇలా ఉండదు. ఇది మరేదో. ఆమె కొంగు దోపుకుని లేచింది.

షెడ్డులో ఇంజను టపటపా కొట్టుకుంటోంది. తోలు పటకా ఒకటి ఇంజను నుంచి తరిమెనకు బిగించి ఉంది. ప్రకాశం ఎవరో రైతుకు గొప్పలు చెబుతున్నాడు. "ఇనుప కడ్డీ పెడితే బోల్టు అయితాది, ఇత్తడి పెడితే చెంబు నునుపెక్కుతాది, కొయ్య పెడితే కోడు. ఇంజనుకు అన్నీ ఒకటేనప్పా. పని చేసేటోనికి చేతగావాల."

తిమ్మయ్య తల దించుకుని పని చేస్తున్నాడు. ఓబులమ్మ వాకిట్లో నిలబడి చూసింది. కొయ్య ఒకవైపే, ఆగకుండా తిరుగుతోంది. తమ్ముడు ఉలి ఆనించాడు. లేపాడు. ఆనించాడు. లేపాడు. లేపాల్సిన పని లేదు, అది వెనక్కి తిరిగే తరిమెన కాదు. అయినా ఆ చెయ్యి లేస్తూనే ఉంది. ఆమె ఎడమచేతి లాగుడు కోసం ఆగుతోంది.

బాగా అయింది, కుదిరింది తిక్క అనుకుందామనే వచ్చింది ఓబులమ్మ. అనుకోలేకపోయింది. నేరుగా వెళ్లి తమ్ముడి పక్కన నిలబడింది. ఇన్నేళ్లలో అతని ఎదురుగా కూర్చోవడమే గానీ, పక్కన నిలబడడం ఆమెకు ఇదే మొదలు. లేవబోతున్న మణికట్టును గట్టిగా కిందికి అదిమి పట్టింది.

"ఇది ఎనక్కి రాదు రా. ఎవురి కోసరం ఎదురు చూస్తాండావు?"

తిమ్మయ్య ఉలిక్కిపడి చూశాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, పసివాడిలా చెప్పుకున్నాడు. "నీ కోసరమే అక్కా. చెయ్యి మాట వినడంల్యా. నువ్వు లాగుతాండావనే అనుకుంటాది."

"ఆ చేతికి ఉండే బుద్ధి నీకు లేకపాయనే!"

"లేదక్కా. గుంజలు పీకితే నీ కష్టం పోతాదనుకుంటి. నిన్నే పీకినట్లైతాదని తెలీకపాయ."

ఓబులమ్మకు ఏడుపు ఆగలేదు. అందరి ముందే ఏడ్చేసింది. "నా ముందరే పీకింటే ఏమయ్యేదిరా? తిట్టింటా. ఒక రోజు అన్నం మానేసింటా. మళ్లా నేనే లేచొచ్చి, ఇంకో పక్క పట్టుకోని నీతో పాటు పీకింటా. అంతే గదరా! అది గూడా తెలీదా నీకు నా గురించి?"

తిమ్మయ్య ఉలి పిడిని అక్క అరచేతి కిందికి జరిపాడు. ప్రకాశం గుండె ఆగినవాడిలా "బావా, ఆడమనిషి ఉలి పట్టుకుంటే..." అని ముందుకు వచ్చాడు.

"నోరు మూసుకో ప్రకాశం" అన్నాడు తిమ్మయ్య, వెనక్కి తిరక్కుండా. "పట్టుకో అక్కా. నా చెయ్యి లేస్తాది, నీది లేవదు. కోత ఎట్ల పడతాదో నాకన్నా నువ్వే ఎక్కువ చూసినావు. నేను ఉలి కొసను చూసేటోణ్ణి, నువ్వు కొయ్యంతా చూసేదానివి."

మొదటి కోడుకు మెడ లావయింది. రెండో దానికి ఉలి ఎక్కువ దిగి మెడే తెగిపోయింది. ప్రకాశం నుదురు కొట్టుకున్నాడు. మూడోది నునుపుగా, గాడీ మిట్టా లేకుండా దిగింది. తిమ్మయ్య దాన్ని రెండు చేతులతో తీసుకుని, చెంపకు ఆనించుకుని చూశాడు. ఓబులమ్మ అప్పటికే నాలుగో కొయ్య బిగించమని చెయ్యి ఊపుతోంది.

"నిన్ను క్షమించిననుకోవద్దు" అంది ఇంజను మోతలో.

"అనుకోనక్కా."

మధ్యాహ్నం కృష్ణవేణమ్మ రొట్టెల గంప నెత్తిన పెట్టుకుని షెడ్డుకు వచ్చింది. అన్నకూ మొగుడికీ ఆకులు వేసింది. మూడో ఆకు చేతిలో పట్టుకుని, వెయ్యాలో వద్దో తెలియక వదిన వంక చూస్తూ నిలబడిపోయింది.

ఓబులమ్మ చేతులకంటిన కొయ్యపొట్టు దులుపుకుని, బిందె దగ్గర చేతులు కడుక్కుని వచ్చింది. మరదలి చేతిలోని ఆకు తానే తీసుకుని తమ్ముడి పక్కన పరుచుకుని కూర్చుంది.

"పెట్టు మే," అంది. "ఆకలైతాండాది."