డొల్ల పలికిన టైలు

తాపీమేస్త్రీ యాదగిరి చెప్పిన 'రేపు'లన్నీ పోగేస్తే ఒక ఏడాది దాటేటట్టుంది. మల్లికార్జున్‌కు లెక్కలు నోటి మీదే తెగుతాయి గానీ, ఈ ఒక్క లెక్క మాత్రం తెగలేదు.

"రేపు పొద్దుగాల సిమెంటు మాలు కలుపుతం సేటూ, ఫికర్ చెయ్యకు" అనేవాడు యాదగిరి. పొద్దుగాల కాస్తా సందెవేళ అయ్యేది, మనిషి జాడ ఉండేది కాదు. కుక్కతోక పట్టుకొని గోదారి ఈదినట్టుంది మల్లికార్జున్ పని.

హన్మకొండ చౌరస్తా దగ్గర మేనమామ కిషన్ రావుకు ఒక గది ఉంది. మల్లికార్జున్ అక్కడ చెప్పుల దుకాణం పెడతానంటే ఆయన ఒక్కటే మాటన్నాడు. "దసరా నాడు షట్టర్ ఎత్తితే నీది. ఎత్తకపోతే మందుల షాపాయనకు ఇస్త." ఆ మాట పట్టుకొని మల్లికార్జున్ చెప్పుల కొట్టులో నౌకరీ మానేశాడు. ఇక వెనక్కి పోయే దారి లేదు.

అది ఎనభై నాలుగో సంవత్సరం. ఊళ్లో దుకాణాలన్నిటి నేలకూ షాబాదు బండలే. మల్లికార్జున్‌కు మాత్రం తెల్లటి పింగాణి టైల్స్ కావాలి. చెప్పు తొడుక్కొని నాలుగడుగులు వేసే చోటు అద్దంలా మెరిస్తే సగం బేరం అక్కడే కుదురుతుందని అతని అంచనా. కాజీపేటకు రైలు పార్శిల్‌లో టైల్స్ తెప్పించాడు. పరిచేవాడే దొరకలేదు. సుబేదారిలో ఎవరో ఆఫీసరు ఇంట్లో స్నానాలగదికి వేశానని చెప్పుకున్నది యాదగిరి ఒక్కడే.

ఎట్టకేలకు పని మొదలైన రోజు, గది మధ్యదాకా పరిచి యాదగిరి చాయ్‌కి పోయాడు. పోయినవాడు రాడే! మల్లికార్జున్ ఉండబట్టలేక దారం పట్టి వరస చూస్తూ, పచ్చి మాలులో ఉత్తకాలు వేశాడు. చల్లగా, మెత్తగా దిగిపోయింది ఎడమకాలు.

యాదగిరి అప్పుడే వచ్చాడు. "అయ్యో, కాలు పెట్టినవా? ఆగు, చెరిపి మట్టం చేస్త. కాలిగుర్తు మీద పలక ముయ్యొద్దు. తాపీపనోళ్ల రివాజు."

"ఎందుకట?"

"మా తాతనడగాలె. ఆయన పోయిండు."

"నీ రివాజులు, నీ చాయ్‌లు! పొద్దుగుంకుతాంది అన్నా!" అంటూ మల్లికార్జునే ఒక టైలు తీసి ఆ గుర్తు మీద పెట్టి నొక్కాడు. యాదగిరి చేతిలోని తాపీని నేల మీద పెట్టకుండా అట్లాగే పట్టుకు నిలబడ్డాడు.

మర్నాడు మిగతా గదీ పరిచేశాక, తాపీ పిడితో ఒక్కొక్క టైలు కొట్టి చూశారు. టక్. టక్. టక్. నడుమ టైలు దగ్గర... డబ్.

"డొల్ల పలికింది. మాలు తక్కువేసినవ్" అని ఎగిరాడు మల్లికార్జున్.

యాదగిరి టైలు లేపాడు. కింద మాలు నున్నగా ఉంది. నిన్న దిగబడ్డ కాలిగుర్తు లేదు. టైలు వెనక్కి తిప్పితే, అంటుకున్న సిమెంటులో చిన్న గుంట కనిపించింది. బొటనవేలు, దాని పక్కన బుజ్జి వేళ్లు. మూడేళ్ల పిల్లాడి అరికాలు. కింది నుంచి ఎవరో పైకి ఆనించినట్టు.

"పిల్లి కాలేమో" అన్నాడు మల్లికార్జున్.

"పిల్లికి బొటనవేలుంటదా సేటూ?"

మళ్లీ మాలు వేసి పరిచారు. మళ్లీ డబ్. మళ్లీ లేపారు. ఈసారి బడికి పోయే పిల్లల చెప్పు నంబరు. చెప్పుల కొట్టులో పెరిగిన కన్ను, కొలవకుండానే చెప్పగలదు.

ఆ తర్వాత యాదగిరి రావడమే మానేశాడు. మల్లికార్జున్ సైకిలెక్కి అతని ఇంటికి పోతే, భార్య చిలుకమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"స్టేషన్ ఘన్‌పూర్ పోయిండు, సుట్టాల ఇంటికి."

లోపల్నుంచి దగ్గు వినిపించింది.

"దగ్గు ఘన్‌పూర్ నుంచి ఇనబడుతాందా వదినా?"

చిలుకమ్మకు నవ్వు రాలేదు. "ఆ గదిల నీళ్లు గూడ తాగొద్దు తమ్మీ" అని గొణిగింది.

మల్లికార్జున్ వినలేదు. బతిమాలి, తిట్టి, యాదగిరిని సైకిలు వెనక కూర్చోబెట్టుకొని వచ్చాడు. రేపే దసరా. సందెవేళ ముసురు పట్టింది. కరెంటు పోయింది. గదినిండా పచ్చి సిమెంటు వాసన. దాని అడుగున ఇంకేదో వాసన... చెప్పు విప్పిన కాలి వాసన.

దీపం దగ్గరికి జరిపి టైలు తిప్పారు. ఏడో నంబరు. మల్లికార్జున్‌ది ఎనిమిది.

యాదగిరి వేలు చూపించాడు. ఆ గుర్తులో చిటికెనవేలు సగమే ఉంది. మల్లికార్జున్ తన ఎడమకాలు వెనక్కి లాక్కున్నాడు. చిన్నప్పుడు సైకిల్ చైనులో పడి అతని చిటికెనవేలు సగం పోయింది.

"పెరుగుతాంది" గుసగుసగా అన్నాడు యాదగిరి. "ఇడిసిపెట్టు తమ్మీ. గది మామకే ఇచ్చెయ్."

"రేపు షట్టర్ ఎత్తాలె. ముయ్యి."

మూశారు. యాదగిరి పిడితో రెండుసార్లు కొట్టాడు.

డబ్. డబ్.

వాన ఆగినట్టయింది. కింది నుంచి...

డబ్. డబ్.

యాదగిరి తాపీ వదిలేసి వీధిలోకి ఉరికాడు. మల్లికార్జున్‌కు ముందు భయం కాదు, ఒళ్లు మండింది. ఇన్ని రోజుల తిప్పలు, ఇన్ని అబద్ధాలు, ఇప్పుడు ఇది! లేచి ఆ టైలు మీద ఎడమకాలు ఆనించి బలమంతా పెట్టి తొక్కాడు. "సప్పుడు చెయ్యకు!"

చల్లటి పింగాణి... వెచ్చబడింది. కింద ఇంకో అరికాలు. వేలికి వేలు. మడమకు మడమ. అది తోయలేదు. ఊరికే ఆనుకుంది... కొలత చూసుకుంటున్నట్టు.

తర్వాత ఏమీ లేదు. ఒక్క చప్పుడూ లేదు.

తెల్లారి షట్టర్ ఎత్తి, భయం భయంగా పిడితో కొట్టి చూశాడు. టక్. నిండుగా, గట్టిగా. దేవుడా అనుకున్నాడు. జమ్మికొమ్మ కట్టి, కొబ్బరికాయ కొట్టాడు. కిషన్ రావు నలుగురిని వెంటబెట్టుకొని బురద కాళ్లతోనే లోపలికొచ్చాడు.

"శెభాష్‌రా అల్లుడా! గది నీదే." నాలుగడుగులు వేసి మురిసిపోయాడు. టక్, టక్, టక్.

ఎదురుపోయిన మల్లికార్జున్ కూడా ఆ బురదలోంచే నడిచొచ్చాడు. మామ కాళ్లకు దండం పెడదామని ముందుకు కదిలాడు.

డబ్.

ఇంకో టైలు మీద కాలు పెట్టాడు. డబ్. ఇంకోటి. డబ్.

కిషన్ రావు నవ్వు సగంలో ఆగింది. "నువ్వు నడిస్తెనే సప్పుడేందిరా అట్లొస్తాంది?"

మల్లికార్జున్ వెనక్కి చూశాడు. తెల్లటి నేలంతా బురద అడుగులు. మామవి, మామ వెంట వచ్చినవాళ్లవి, అన్నీ ఉన్నాయి. కొలవకుండానే నంబర్లు తెలుస్తున్నాయి.

తన ఎనిమిదో నంబరు ఒక్కటీ లేదు.